కార్డు కొనే ముందు పెట్టె తెరిచి చూడండి

(తక్కువ బడ్జెట్‌లో గ్రాఫిక్స్ కార్డు ఎంపిక గురించి హైదరాబాదులో ఇంజనీరింగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆనాడు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన ప్రశ్న, "20,000 రూపాయల్లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఏది?" అని. కంప్యూటరు తెర మీద ఆటల బొమ్మలు గీసేది ఈ కార్డే. ఒక మోడల్ పేరు చెప్పి నేను రెండు నిమిషాల్లో వేదిక దిగిపోవచ్చు. మీరూ ఆ పేరు ఫోన్లో రాసుకుని సంతోషంగా ఇంటికి వెళ్ళవచ్చు. కాని ఆ కార్డు మీలో కొందరికి చక్కగా సరిపోతుంది, కొందరికి డబ్బు దండుగ అవుతుంది, ఒకరిద్దరికి కంప్యూటరే ఆన్ కాకుండా పోతుంది. కార్డు ఒకటే, డబ్బు ఒకటే, మరి ముగ్గురి ఇళ్ళలో మూడు రకాలుగా ఎందుకు ఉంటుంది? ఈ పూట నేను మాట్లాడేదంతా ఈ ప్రశ్న చుట్టూనే.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం, చివరిదాకా దానితోనే ఉందాం. నిరుడు మా వీధిలో డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ట్యూషన్లు చెప్పి 20,000 కూడబెట్టుకున్నాడు. చేతిలో ఒక కాగితం, దాని మీద 5 కార్డుల పేర్లు. "అంకుల్, వీటిలో ఏది కొనమంటారు, ఒక్క టిక్కు పెట్టండి చాలు" అన్నాడు. "టిక్కు తరువాత పెడతాను గాని, ముందు నీ క్యాబినెట్ పక్క తలుపు తీసి నాలుగు ఫొటోలు పంపించు నాయనా" అన్నాను. అతని ముఖం చూడాలి. డాక్టరు దగ్గరికి మందు కోసం వెళితే రక్తపరీక్ష రాసిచ్చినట్లు అనిపించి ఉంటుంది.

ఆ ఫొటోల్లో కనిపించింది ఇది. ఇంటెల్ కోర్ ఐ5 9400ఎఫ్ ప్రాసెసర్. 8 జీబీ ర్యామ్, అదీ ఒకే స్టిక్. జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. ఎప్పుడూ పేరు వినని కంపెనీ వారి 450 వాట్ల ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నింటికీ కరెంటు అందించే పెట్టె. బయట 24 అంగుళాల మానిటర్, 1920 బై 1080 రిజల్యూషన్, 60 హెర్ట్జ్. ఈ గదిలో ఉన్నవారిలో చాలామంది కంప్యూటర్లు దీనికి అన్నదమ్ముల్లాంటివే అని నా అనుమానం. కాదంటారా?

ముందుగా అడగవలసిన ప్రశ్న: మీ ఆట నెమ్మదిగా నడుస్తున్నది కార్డు వల్లనేనా? ఇది వినడానికి చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. కాని దీనికి జవాబు తెలియకుండానే చాలామంది డబ్బు ఖర్చు పెట్టేస్తారు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, మీ కార్డు ఏ కంపెనీదైనా పనిచేస్తుంది. దానితో తెర మూలన ఫ్రేముల సంఖ్య (సెకనుకు ఎన్ని బొమ్మలు తయారవుతున్నాయో ఆ లెక్క), కార్డు వినియోగ శాతం, ప్రాసెసర్ వినియోగం, ర్యామ్ వినియోగం కనిపించేలా పెట్టుకోండి. వీసింక్, అంటే ఫ్రేములను మానిటరు వేగానికి కట్టేసే సెట్టింగు, ఆపివేసి, మీరు రోజూ ఆడే ఆటను అరగంట ఆడండి. కార్డు వినియోగం 97, 98 శాతం దగ్గర కదలకుండా ఉంటే పనిభారమంతా కార్డు మీదే పడుతున్నదని అర్థం, అప్పుడు కొత్త కార్డు వల్ల లాభం ఉంటుంది. 50, 60 శాతం దగ్గర తచ్చాడుతూ ఫ్రేములు మాత్రం పెరగకపోతుంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తున్నదన్న మాట. ఎదురుచూసే వాణ్ణి మార్చి ఏం లాభం?

ఇంకా అనుమానం ఉంటే రెండో పరీక్ష చేయండి. ఆట రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి. 1920 బై 1080 అంటే 20,73,600 చుక్కలు, 1280 బై 720 అంటే 9,21,600 చుక్కలు. అంటే కార్డు వేయవలసిన బొమ్మ సగం కంటే చిన్నదైపోయింది. అయినా ఫ్రేములు 45 నుంచి 47కి మాత్రమే పెరిగాయనుకోండి, మీ సమస్య కార్డు కాదు. 45 నుంచి 80కి పెరిగాయా, అప్పుడు సమస్య కార్డే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలు తక్కువ సెట్టింగుల్లో ఆడేవారికి సాధారణంగా ప్రాసెసరే అడ్డం తగులుతుంది. పెద్ద పెద్ద నగరాలు, అడవులు, వాన, నీడలు చూపించే కథా ఆటలు ఆడేవారికి కార్డు అడ్డం తగులుతుంది. మీరు ఏ కోవకు చెందినవారో ముందు తేల్చుకోండి.

మన అబ్బాయి విషయంలో ఏమైంది? అతను రెండు రకాలూ ఆడతాడు. కథా ఆటల్లో కార్డు నిజంగానే నూటికి నూరు పాళ్ళు అలసిపోతున్నది. కాని పోటీ ఆటల్లో మధ్యమధ్య బొమ్మ క్షణంపాటు ఆగి మళ్ళీ కదులుతున్నది. అతను దాన్నీ కార్డు ఖాతాలోనే వేశాడు. చూస్తే ర్యామ్ వినియోగం 8 జీబీలో 7.6 దాకా పోతున్నది, వెనక బ్రౌజరు తెరిచి ఉంటుంది కదా మరి. పైగా ఒకే స్టిక్ కావడం వల్ల మెమరీ ఒకే ఛానల్‌లో, అంటే ఒకే దారిలో, నడుస్తున్నది. అదే వేగం గల ఇంకో 8 జీబీ స్టిక్‌ను సరైన స్లాటులో పెడితే మొత్తం 16 అవుతుంది, రెండు ఛానళ్ళూ పనిచేస్తాయి. సరైన స్లాటు అంటే మదర్‌బోర్డు పుస్తకంలో చూపినది, ఎక్కువ బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. కార్డు కోసం వచ్చిన మనిషికి ర్యామ్ గురించి చెబితే నచ్చదు, నాకు తెలుసు. అతనికీ నచ్చలేదు.

ఇప్పుడు ఎస్ఎంపీఎస్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బడ్జెట్‌లో కార్డు మార్చేవారు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. అబ్బాయి ఎస్ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. ఆ పెద్ద అక్షరాలను వదిలేయండి. దాని కింద చిన్న గళ్ళ పట్టీ ఉంటుంది, అందులో 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని వేరువేరుగా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో రాసి ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా 12 వోల్టుల మీదే బతుకుతాయి. అతని పట్టీలో 12 వోల్టుల ఎదురుగా 18 ఆంపియర్లు అని ఉంది. 12ను 18తో హెచ్చవేయండి. 216 వాట్లు! పేరు 450, పనికొచ్చేది 216. పైన పటారం లోన లొటారం అంటే ఇదే కదా. కొన్ని లేబుళ్ళ మీద 12 వోల్టులు రెండు గళ్ళలో ఉంటాయి. ఆ రెండింటినీ కూడేసి మురిసిపోకండి, రెండూ కలిపి గరిష్ఠంగా ఎన్ని వాట్లో పక్కనో కిందో వేరుగా రాసి ఉంటుంది, అదే లెక్క.

216లో ప్రాసెసర్‌కు 65 వాట్లు తీసేయండి, అది జోరుమీద ఉన్నప్పుడు ఇంకా ఎక్కువే తాగుతుంది. ఫ్యాన్లు, హార్డ్ డిస్కు తీసేయండి. మిగిలేది ఎంత? 75 వాట్ల జీటీఎక్స్ 1050 టీఐ దాని మీద హాయిగా నడిచింది, ఎందుకంటే ఆ కార్డు తనకు కావలసినదంతా మదర్‌బోర్డు స్లాటు నుంచే తీసుకుంటుంది, స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లు. అంతకు మించి కావాలంటే కార్డుకు విడిగా తీగ కలపాలి. 6 పిన్నుల తీగ మరో 75 వాట్లు, 8 పిన్నుల తీగ 150 వాట్లు. మీ ఎస్ఎంపీఎస్ నుంచి అలాంటి తీగ అసలు వస్తున్నదా? చూడండి. ఒక హెచ్చరిక: ప్రాసెసర్ కోసం మదర్‌బోర్డు పైమూలలో గుచ్చే 8 పిన్నుల తీగ, కార్డుకు పెట్టే 8 పిన్నుల తీగ చూడడానికి కవలల్లా ఉంటాయి గాని ఒకటి కావు, వాటి వైరింగే వేరు. బలవంతంగా దూర్చవద్దు.

తీగ లేదు కదా అని హార్డ్ డిస్కుల కోసం ఉండే నాలుగు పిన్నుల తీగలు రెండు కలిపి 6 పిన్నులుగా మార్చే కన్వర్టరు ఒకటి వందో నూట యాభైకో దొరుకుతుంది. నేనూ కొన్నాను. నా సొంత కంప్యూటర్లోనే పెట్టాను, 150 వాట్ల కార్డుకు. మొదటి వారం అంతా బాగుంది. రెండో వారం ఒక రాత్రి ఆట మధ్యలో తెర నల్లబడింది, గదిలో ప్లాస్టిక్ కాలిన కమురు వాసన. పక్క తలుపు తీసి చూస్తే కన్వర్టరు పసుపు తీగ దగ్గర తెల్లటి ప్లగ్గు బెల్లంపాకంలా మెత్తబడి, చల్లారాక పిన్నులకు అతుక్కుపోయి ఉంది. లాగితే రాలేదు, కత్తిరించవలసి వచ్చింది. కార్డు బతికింది, నా అదృష్టం. ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఎవరైనా కన్వర్టరు గురించి అడిగినప్పుడు దాన్ని తీసి చేతిలో పెడతాను, ఇంకేమీ చెప్పను.

యూపీఎస్ వాడేవారు ఇంకొకటి గమనించాలి. ఇళ్ళలో ఉండే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్ల దాకానే మోస్తుంది. కంప్యూటరు, మానిటరు కలిపి ఆట సమయంలో ఆ హద్దుకు దగ్గరైతే, కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ ఆదుకోదు సరికదా, కీచుమని అరిచి తానే పడుకుంటుంది. కార్డు పాడైందని నా దగ్గరికి తెచ్చినవారిలో ఇలాంటివారూ ఉన్నారు.

స్థలం గురించి ఒక్క మాట. క్యాబినెట్ వెనక గోడ నుంచి ముందు ఫ్యాను దాకా టేపు పెట్టి కొలవండి, కార్డు పొడవు కంపెనీ వెబ్‌సైటులో మిల్లీమీటర్లలో ఉంటుంది, రెండూ పోల్చుకోండి. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్లు, మూడు ఫ్యాన్ల కార్డు కొని హార్డ్ డిస్కు అరను రంపంతో కోసినవారిని చూశాను. ఆఫీసుల నుంచి వచ్చే సన్నటి సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు వాడేవారికైతే పొట్టి కార్డు, అంటే లో ప్రొఫైల్ కార్డు తప్ప గత్యంతరం లేదు. వాటిలో ఎస్ఎంపీఎస్ కూడా ప్రత్యేకమైన ఆకారంలో ఉంటుంది గనుక మార్చడం తేలిక కాదు. వారు 75 వాట్ల లోపే వెతుక్కోవాలి. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం 70 వాట్లది, జీటీఎక్స్ 1650 75 వాట్లది, రెండింటిలోనూ పొట్టి రూపాలు వచ్చాయి.

సరే, ఇప్పుడు పేర్ల సంగతి. జీటీ, జీటీఎక్స్, ఆర్‌టీఎక్స్ అన్నవి ఎన్విడియా కంపెనీ కార్డులు, ఆర్ఎక్స్ అన్నవి ఏఎండీ వారివి. నేను 3050లో 6 జీబీ రకం అన్నాను. మరి ఇంకో రకం ఉందా? ఉంది. 2022 జనవరిలో వచ్చిన 3050 8 జీబీది, 128 బిట్ మెమరీ దారి, 2560 కోర్లు (లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు), 130 వాట్లు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 3050 6 జీబీది, 96 బిట్ దారి, 2304 కోర్లు, 70 వాట్లు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రెండూ 3050లే. తేడా 2 జీబీ మెమరీ మాత్రమే అనుకుని కొంటే, కార్డే వేరని ఇంటికి వచ్చాక తెలుస్తుంది. 3060 సంగతీ అంతే. 12 జీబీ దానికి 192 బిట్ దారి, తరువాత వచ్చిన 8 జీబీ దానికి 128 బిట్ దారి. జీటీఎక్స్ 1060లో 3 జీబీ, 6 జీబీ రకాల మధ్య మెమరీతో పాటు కోర్ల సంఖ్యలోనూ తేడా ఉంది, 1152, 1280. ఆర్ఎక్స్ 580 పేరుతో సెకండ్ హ్యాండ్‌లో దొరికేవాటిలో 2048 ఎస్‌పీ అని తోక ఉన్నది కనబడితే అది నిజానికి 570 స్థాయి కార్డు, అసలైన 580కి 2304 ఎస్‌పీలు, అంటే కోర్లు, ఉంటాయి.

నేను ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో నేనే బోల్తా పడ్డాను. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్, మీకందరికీ తెలుసు. అక్కడ అంతస్తులన్నీ తిరిగి, బేరమాడి, బంధువుల పిల్లవాడి కోసం ఒక జీటీ 1030 కొన్నాను. వేరే దుకాణంలో చెప్పిన ధర కన్నా కొన్ని వందలు తక్కువకు వచ్చిందని పొంగిపోయాను. ఇంటికి వచ్చి చూస్తే అది డీడీఆర్ 4 మెమరీ రకం. జీటీ 1030లో జీడీడీఆర్ 5 రకానికి సెకనుకు 48 జీబీ వేగం, డీడీఆర్ 4 రకానికి 16.8 జీబీ. అంటే మూడో వంతు! దుకాణదారు మోసం చేశాడని అనలేను, పెట్టె పక్కవైపు చిన్న అక్షరాల్లో రాసే ఉంది, చదవనిది నేను. అందుకే చెబుతున్నాను, పెట్టె ముందు భాగం అమ్మేవాడి కోసం, పక్క భాగం కొనేవాడి కోసం అచ్చు వేస్తారు.

ఇక ఆ అబ్బాయి కాగితానికి వద్దాం, ఒక్కొక్క పేరు కొట్టేద్దాం. మొదటిది ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ. కొత్తది, బిల్లుతో, వారంటీతో, బడ్జెట్ లోపల. కాని ఈ కార్డు మదర్‌బోర్డుతో 4 లేన్ల మీదే, అంటే నాలుగు దారుల మీదే, మాట్లాడుతుంది. ఆ దారుల పద్ధతి పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డులో ఆ 4 లేన్లు సెకనుకు దాదాపు 8 జీబీ మోస్తాయి, అతని బోర్డు 3.0 తరానిది కనుక అందులో సగమే. కార్డు మీద ఉన్నది 4 జీబీ మెమరీ. అది నిండిపోయినప్పుడు మిగతా సరుకంతా ఆ ఇరుకు సందులోంచే ర్యామ్‌కు వెళ్ళి రావాలి. ఎక్కడ గొంతు తడుపుకోవాలో అక్కడే బావి ఎండిపోయినట్లు! పైగా వీడియో రికార్డు చేసే ఎన్‌కోడరు కూడా దీనిలో లేదు. కొట్టేశాం.

రెండోది ఆర్క్ ఏ750. ఇంటెల్ వారిది, ధరకు మించిన బలం ఉన్న కార్డే, కొత్త కంప్యూటరు కట్టేవారు తప్పక చూడవలసినదే. కాని ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ అనే సౌకర్యం (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే వీలు) మదర్‌బోర్డులో ఉండి తీరాలి, లేకపోతే పనితనం బాగా పడిపోతుంది. ఇంటెల్ అధికారికంగా చెప్పేది పదో తరం ప్రాసెసర్లు, ఆ పైవి. అబ్బాయిది తొమ్మిదో తరం. పైగా 225 వాట్లు. ఆ ఎస్ఎంపీఎస్ కథ ఇప్పుడే విన్నారు. కొట్టేశాం. మూడోది 3050 6 జీబీ: పాత ఎస్ఎంపీఎస్ మీదే నడుస్తుంది, తీగ అక్కర్లేదు, ఏ మార్పూ వద్దనుకునేవారికి అదే నా సలహా కూడా. కాని ఇతని క్యాబినెట్ పెద్దది, ఎస్ఎంపీఎస్ మార్చే వీలుంది, అలాంటప్పుడు అంత డబ్బుకు అంత చిన్న కార్డు అవసరం లేదు.

మిగిలినవి రెండు. ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, ఆర్ఎక్స్ 6600 8 జీబీ, రెండూ 2021లో వచ్చినవే. 3060కి మెమరీ ఎక్కువ, డీఎల్ఎస్ఎస్ (చిన్న బొమ్మను పెద్దది చేసి ఫ్రేములు పెంచే ఎన్విడియా పద్ధతి) ఉంది, బ్లెండర్ లాంటి త్రీడీ బొమ్మల పనులకు, మెషీన్ లెర్నింగ్ అభ్యాసాలకు నేటికీ అది చాలా పనికొస్తుంది. మీలో కంప్యూటర్ సైన్సు వారు ఉంటే ఆటల కోసం కాకపోయినా ఆ 12 జీబీ కోసం దాని వైపు చూడండి. 170 వాట్లు. 6600కి 132 వాట్లు, 8 లేన్లు, 3.0 బోర్డులో కొద్దిపాటి నష్టమే తప్ప 6500 ఎక్స్‌టీలా కుప్పకూలదు. కేవలం 1080 రిజల్యూషన్‌లో ఆటలు అంటే రెండూ ఒక జోడీయే. రే ట్రేసింగ్, అంటే కాంతి కిరణాల దారిని లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు చూపే పద్ధతి, గురించి అడుగుతారు, ఈ ధరలో దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అయితే ఒక తిరకాసు ఉంది: 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో వచ్చిన డూమ్ ఆట రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డు మీద నడవవు. అంటే అది సోకు కాకుండా అర్హతగా మారుతున్నది. ఈ రెండు కార్డులకూ ఆ హార్డ్‌వేర్ ఉంది, 1050 టీఐకి, 1060కి, 1650కి, ఆర్ఎక్స్ 580కి లేదు. పైగా 10 వరుస జీటీఎక్స్ కార్డులకు కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లను, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేరును, ఎన్విడియా 2025 అక్టోబరుతో ముగించింది, ఇకపై భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు మాత్రమే. 1060 ఎంత చవకగా వచ్చినా ఇప్పుడు కొనకండి అని నేను చెప్పడానికి కారణం ఇది.

"8 జీబీ చాలుతుందా అండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. 1080లో, టెక్స్చర్లు (ఆటలో వస్తువుల పైపూత బొమ్మలు) ఒక మెట్టు దించుకుంటే ఇప్పటికి చాలుతుంది. 1440 మానిటరు కొనే ఆలోచన ఉంటే అది 36,86,400 చుక్కలు, 1080 కన్నా 78 శాతం ఎక్కువ, అప్పుడు లెక్క మారిపోతుంది. కాని బాబూ, 60 హెర్ట్జ్ మానిటరు ముందు కూర్చుని 140 ఫ్రేములు ఇచ్చే కార్డు గురించి కలలు కంటున్నవారే నాకు ఎక్కువగా తగులుతున్నారు. ఆ తెర సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. మిగతా 80 ఫ్రేములు ఎవరు చూస్తున్నట్లు?

సెకండ్ హ్యాండ్ సంగతి చెప్పకుండా బడ్జెట్ ప్రసంగం పూర్తి కాదు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకున్నది, ఆ రోజుతో గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేసి దాన్ని సంపాదించే పని, అంటే మైనింగ్, ఆగిపోయింది. రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు బజారుకు వచ్చాయి. మైనింగ్ కార్డు అనగానే విషం అనుకోనక్కర్లేదు. వాటిలో చాలావాటి చిప్పును కరెంటు ఆదా కోసం తక్కువ వోల్టేజీ మీద నడిపారు, అసలు అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి వేడిని లాగే థర్మల్ ప్యాడ్లు, కాగేది మెమరీ. కాబట్టి అమ్మేవారి ఇంటికే వెళ్ళండి, వారి కంప్యూటర్లోనే 20 నిమిషాలు బరువైన ఆట నడిపించండి. ఫ్యాను చప్పుడు వినండి, వేడి ఎంత దాకా ఎక్కుతున్నదో చూడండి, తెర మీద రంగుల చుక్కలు, గళ్ళు వస్తున్నాయేమో చూడండి. జీపీయూ జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేరును పెన్ డ్రైవులో తీసుకెళ్ళండి. పాత చిప్పుకు కొత్త పేరు రాసి అమ్మే నకిలీ ఎన్విడియా కార్డుల్లో చాలావాటిని అది పట్టుకుని, పేరు ముందే నకిలీ అని చూపిస్తుంది. వెనక ఇనుప పట్టీకి తుప్పు ఉంటే కారణం అడగండి. విశాఖలోనో కాకినాడలోనో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంటి నుంచి వచ్చినదైతే ఉప్పుగాలి వల్ల కావచ్చు, హైదరాబాదు కార్డుకు తుప్పు ఎందుకు పట్టినట్లు? స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారన్న మాట. బిల్లు అడగండి. కొన్ని కంపెనీలు వారంటీని సీరియల్ నంబరును బట్టి లెక్కిస్తాయి, కొన్ని బిల్లు తేదీని బట్టి, అది ముందే కనుక్కోండి.

అమెరికా నుంచి అక్కయ్యో బావగారో వస్తున్నారు, తెప్పించుకోమంటారా అని అడిగేవారూ ఉన్నారు. అక్కడ ఆర్‌టీఎక్స్ 4060 299 డాలర్లకు విడుదలైందని, దాన్ని రూపాయల్లోకి మార్చి, ఇక్కడివారు దోచుకుంటున్నారని లెక్క వేస్తారు. ఆ 299లో అక్కడి రాష్ట్ర పన్ను కలిసి లేదు, ఇక్కడి ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసే ఉంది. తేడా మీరు ఊహించినంత ఉండదు. అన్నింటికన్నా ముఖ్యం, అక్కడ కొన్న కార్డుకు ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో ఆ కంపెనీ నిబంధనల్లో చూసుకోవాలి. చెల్లకపోతే మళ్ళీ ఎవరు వెళతారా, ఎవరితో పంపుదామా అని కాచుకు కూర్చోవాలి.

చివరికి ఆ అబ్బాయి ఏం చేశాడు? కాగితం మీది పేర్లలో ఆర్ఎక్స్ 6600ను సెకండ్ హ్యాండ్‌లో 13,000కు తీసుకున్నాడు, ఏడాది వారంటీ మిగిలి ఉన్నది. ఒక పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ కొత్తది 4,000, సెకండ్ హ్యాండ్‌లో 8 జీబీ ర్యామ్ స్టిక్ 1,500. మొత్తం 18,500. అవి అప్పటి ధరలు, ఆ తరువాత మెమరీ ధరలు పెరిగాయి గనుక ఈ అంకెలు పట్టుకుని దుకాణదారుతో గొడవ పడకండి. అతనికి మొదట 20,000 మొత్తం కార్డు మీదే పెట్టాలని ఉండేది. ఆర్‌జీబీ లైట్ల ఫ్యాన్ల మీదా మనసు ఉండేది. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అని నేను అంటే నవ్వాడు గాని, మిగిలిన 1,500లో ఒక లైటు పట్టీ కొన్నాడని తరువాత తెలిసింది. కొననీయండి, వయసు.

మధ్యలో ఒక పొరపాటు చేయబోయాడు. 1050 టీఐని ముందు అమ్మేసి ఆ డబ్బు కూడా కలుపుకుందామనుకున్నాడు. అతని ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది కదా. ఎఫ్ అంటే అందులో లోపలి గ్రాఫిక్స్ లేదని. కార్డు తీసేస్తే తెర మీద ఏమీ రాదు, కొత్తది వచ్చేదాకా కంప్యూటరు ఒక ఇనుప పెట్టె. అప్పుడు సెమిస్టరు ప్రాజెక్టు సమర్పించే వారం కూడా! కొత్తది పెట్టి, ఒక వారం నడిపి చూసి, అప్పుడు పాతది అమ్మమన్నాను.

బిగించిన రోజు రాత్రి ఫోన్ చేశాడు. "అంకుల్, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది." పాత డ్రైవర్లు డీడీయూ అనే సాఫ్ట్‌వేరుతో తీసేశావా అంటే తీసేశానన్నాడు. 8 పిన్నుల తీగ క్లిక్కుమనేదాకా నొక్కావా అంటే నొక్కానన్నాడు. నాకూ కంగారు పుట్టింది, సెకండ్ హ్యాండ్ కొనిపించింది నేనే కదా. వీడియో కాల్ పెట్టించి చూస్తే, మానిటరు తీగను కార్డుకు కాకుండా పైన మదర్‌బోర్డుకు గుచ్చి ఉంచాడు. మీ ఇంట్లో లోపలి గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ అయితే ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అప్పుడు బొమ్మ వస్తుంది, ఆట నడుస్తుంది, కాని లోపలి గ్రాఫిక్స్ మీద నడుస్తుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లు, కార్డు బాగాలేదని నెలల తరబడి తిట్టుకునేవారు ఉన్నారు. తీగ కిందికి మార్చాడు, బొమ్మ వచ్చింది.

ఎస్ఎంపీఎస్ లేబుల్ ఫొటో తీసుకుని రమ్మని నిర్వాహకులు ముందే చెప్పారు. తెచ్చినవారు ముందు వరుసలోకి రండి, 12 వోల్టుల గడి కనిపించేలా పెద్దది చేసి పెట్టుకోండి. మోడల్ పేర్లు ఆ తరువాత మాట్లాడుకుందాం.